దిగినవాళ్ల పేర్లు

రశ్మిది రాయచూరు. తండ్రికి కళ్లద్దాల దుకాణం. ఏ పనైనా చకచకా తెమలాలన్నది ఆమె పట్టుదల. వంటింట్లో డబ్బాలు ఏ వరసలో పెడితే నాలుగు అడుగులు కలిసొస్తాయో తల్లికి పాఠం చెప్పిన ఘటం. అలాంటి మనిషికి కరెంటు లైన్‌మెన్ల కోసం ఫోన్ యాప్ తయారుచేసే పని దొరికింది. ఏ స్తంభానికి ఏ మరమ్మతు ఉందో ఫోనులో ఎర్రగా కనబడుతుంది. పని అయ్యాక నొక్కితే పచ్చగా మారుతుంది.

అందుకోసం దేవదుర్గలో నెల రోజులు లైన్‌మెన్ల వెంట తిరిగింది. ఎక్కడ ఎన్ని నిమిషాలు పోతున్నాయో గడియారం చూసి రాసుకుంది. అన్నిటికంటే దండగ అనిపించింది ఒక ఫోన్. స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్‌కు చెప్పి లైను ఆపిస్తారు. దిగాక ఫోన్ చేసి, ఎక్కినవాళ్లంతా ఒకరి తర్వాత ఒకరు సొంత గొంతుతో పేరు చెప్పాలి. అందరి పేర్లూ విన్నాకే ఆపరేటర్ బసన్న కరెంటు వదులుతాడు. ఇది ఎవరూ రాసిపెట్టిన నియమం కాదు, వాళ్లలో వాళ్లు పెట్టుకున్న పద్ధతి. రశ్మి దాన్ని తీసేసింది. ఇకనుంచి పచ్చ రంగు పడితే చాలు, కరెంటు వదలవచ్చు. ఆఫీసు పెద్దలు భేష్ అన్నారు.

యాప్ మొదలైన వారమే అది. పెద్ద లైన్‌మన్ సుంకప్ప, అతని అల్లుడు సిద్దు, గణేశ్, ముగ్గురూ పొద్దున్నే లైను ఆపించి కృష్ణ ఒడ్డు పొలాల వైపు వెళ్లారు. రశ్మి దేవదుర్గ ఆఫీసులో కూర్చుని ఫోను చూస్తోంది. తొమ్మిది గంటలకు సుంకప్ప పేరు కింద మూడు పనులూ టకటకా పచ్చబడ్డాయి. ఆమె మురిసిపోయి చాయ్ తెప్పించుకుంది. గ్లాసు ఖాళీ అయ్యాక గాని బుర్ర పనిచేయలేదు. మూడు స్తంభాలు మూడు చోట్ల ఉంటే, నిమిషంలో మూడూ ఎలా అవుతాయి?

అప్పుడు తట్టింది. ఒడ్డు పొలాల్లో సిగ్నల్ ఉండదు. ఎర్రగా మిగిలితే ఆఫీసులో చీవాట్లు తప్పవు. అందుకని సుంకప్ప దారిలో సిగ్నల్ దొరికే మిట్ట మీదనే ముందుగా మూడూ నొక్కేసి పనికి వెళ్లాడు. అంటే మనుషులు స్తంభం మీద ఉన్నారు, సబ్‌స్టేషన్‌లో మాత్రం పని అయిపోయినట్టే కనబడుతోంది.

సుంకప్పకు ఫోన్ చేస్తే అందలేదు. బసన్నకు చేస్తే బిజీ. మళ్లీ బిజీ. కరెంటు ఎప్పుడొస్తుందని పంపుసెట్ల రైతులు ఆ నంబరును ఊపిరి తీసుకోనివ్వరు. రశ్మి వాళ్లందరినీ నోరారా తిట్టుకుంటూ స్కూటీ తీసింది. సబ్‌స్టేషన్ నాలుగు కిలోమీటర్లు. పత్తి లారీ ఒకటి దారంతా ఆక్రమించుకుని పోతుంటే, రోడ్డు దిగి ముళ్లలోంచి పోనిచ్చింది.

లోపలికి పరుగెత్తేసరికి బసన్న స్విచ్చు దగ్గర నిలబడి ఉన్నాడు. చెయ్యి పిడి మీద ఉంది.

"అన్నా, వదలకు. వాళ్లు పైననే ఉన్నరు."

"పచ్చగైంది గదమ్మా. ఇర్వై నిమిషాలాయె."

"తప్పయింది. చెయ్యి తియ్యన్నా."

బసన్న చెయ్యి తీసి కుర్చీలో కూలబడ్డాడు. "ఒక రైతు నన్ను ఫోన్ పెట్టనియ్యలే. పైరు ఎండిపోతుందని గిప్పటిదాంక తిట్టిండు. లేకుంటే ఎప్పుడో వదిలేటోన్ని."

రశ్మి ఎవరినైతే తిట్టుకుందో వాళ్లలోనే ఒకడు ఆ ముగ్గురినీ కాపాడాడు. ఆమెకు ఏడుపు ఆగలేదు. ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

రెండు గంటలకు సుంకప్ప మిట్ట మీదికి వచ్చి, పాత అలవాటు పోక ఫోన్ చేశాడు. బసన్న స్పీకర్ పెట్టాడు.

"సుంకప్ప దిగిన."

"గణేశ్ దిగిన."

తర్వాత గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. రశ్మి బల్ల అంచు పట్టుకుంది.

"మూడోడేడి?" అన్నాడు బసన్న.

"సిద్దు దిగినన్నా. నీళ్లు తాగుతుంటి."

బసన్న కరెంటు వదిలి, ఫోను రశ్మి చేతికిచ్చాడు.

"ఎర్రగ ఒక్కటన్న ఉన్నదా అమ్మా?" అన్నాడు సుంకప్ప హుషారుగా. "కొత్త పని గద, నీకు మాట రావద్దని పొద్దుగాల్నే అన్ని పచ్చగ జేసి పెట్టిన."

చెప్పకపోతే సుంకప్పకు తెలిసేది కాదు. కానీ రశ్మి చెప్పేసింది. ఆ పచ్చ రంగు చూసే బసన్న స్విచ్చు మీద చెయ్యి వేశాడని, పేర్ల ఫోను తీసేసి తప్పు చేసింది తనేనని, ఈ పూటే పాత పద్ధతి మళ్లీ పెట్టిస్తానని.



"సిద్దునే ఫస్టు ఎక్కిచ్చిన గదమ్మా," అన్నాడు సుంకప్ప. "నా బిడ్డ మొగున్ని. నేనే నొక్కి, నేనే ఎక్కిచ్చిన."