ఉయ్యాల ముడిలో కలరా ఉండలు

కరోనా తగ్గినా ఆసుపత్రిలో మాస్కులు ఇంకా తగ్గని ఒక ఎండాకాలంలో నన్ను కడప నుంచి కర్నూలుకు బదిలీ చేశారు. అక్కడి ప్రభుత్వ ఆసుపత్రి పిల్లల విభాగంలో ప్రొఫెసరుగా, ఒక యూనిట్‌కు అధిపతిగా చేరాను. యూనిట్ అంటే పైన ఒక ప్రొఫెసరు, కింద ఇద్దరు ముగ్గురు అసిస్టెంట్ ప్రొఫెసర్లు, వాళ్ల కింద పీజీ చదువుతున్న జూనియర్ డాక్టర్లు. పని కింది నుంచి పైకి వస్తుంది, తిట్లు పైనుంచి కిందికి పోతాయి. తిట్ల విషయంలో కడపలో నాకు మంచి పేరే ఉండేది. ఆ పేరు నాకంటే ముందే బస్సెక్కి కర్నూలు చేరినట్టుంది, మొదటి రోజు రౌండ్సుకు జూనియర్లంతా చెప్పిన టైముకన్నా ముందే వచ్చి గోడకు ఆనుకొని నిలబడ్డారు.

నేను చేరిన కొత్తలోనే కల్లూరు నుంచి ఒక మగబిడ్డ వచ్చాడు. పుట్టి రెండు వారాలు కూడా కాలేదు. నెలలు నిండి పుట్టిన బిడ్డ, మంచి బరువు, పాలు బాగా తాగేవాడు. పదకొండో రోజు పురుడు చేసి ఉయ్యాలలో వేశారు. ఆ తర్వాత ఒకటి రెండు రోజులకే కళ్లు, ఒళ్లు పచ్చబడ్డాయి. కామెర్లు చాలామంది పసిబిడ్డలకు పుట్టిన మొదటి వారంలో వస్తాయి, వాటంతటవే పోతాయి. వీడికి అవి పోవలసిన రోజుల్లో వచ్చాయి. పైగా గుడ్డలమీద ఉచ్చ కాఫీ డికాషన్ రంగులో కనబడుతోంది. అంటే లోపల ఎర్రరక్తకణాలు పగిలిపోతున్నాయని అర్థం. అవి పగిలితే బిలిరుబిన్ అనే పచ్చ పదార్థం పేరుకుంటుంది. హద్దు దాటితే అది మెదడుకు చేరి వినికిడిని, కాళ్లూ చేతుల కదలికను జీవితాంతం దెబ్బతీయగలదు. ఆపడానికి మొదట నీలం లైట్ల కింద పడుకోబెడతాం, దాన్ని ఫోటోథెరపీ అంటారు. దానికి లొంగకపోతే బిడ్డ రక్తాన్ని కొంచెం కొంచెంగా తీసేస్తూ కొత్త రక్తం ఎక్కించాలి. అంత చిన్న ప్రాణానికి అది పెద్ద పనే.

బిడ్డతో పాటు ముగ్గురు వచ్చారు. తండ్రి మంజునాథ్‌కు కల్లూరులో కిరాణా అంగడి ఉంది. తల్లి శిరీష, ఎర్రగుంట్ల పిల్ల, మనిషి తలెత్తదు. మూడో మనిషి నాయనమ్మ సుబ్బలక్ష్మమ్మ. శిరీష ఆమెకు సొంత అన్న కూతురే, మేనరికం. శిరీషకు పుట్టింట్లో తల్లి లేదు కాబట్టి పురుడు పోసే బాధ్యత కూడా మేనత్తే తీసుకుంది. ఆ సంగతి వార్డులో అందరికీ తెలిసేలా ఆమె రోజుకొకసారి చెప్పేది.

రోగం ఎందుకొచ్చిందో మా పరీక్షలు తేల్చకముందే సుబ్బలక్ష్మమ్మ తేల్చేసింది. కోడలి పాలలోనే దోషం ఉందంది. "ఎర్రగుంట్లలో సిమెంటు దుమ్ము పీల్చి పెరిగిన పిల్లమ్మా ఇది. పాలు యాడ బాగుంటాయి?" అని నన్నే అడిగింది. సిమెంటు పాలలోకి రాదని నేను చెప్పాను. ఆమె నన్ను జాలిగా చూసింది. బాలింత పథ్యం అప్పటికే వెల్లుల్లి కారం, అన్నం వరకు కుదించుకుపోయి ఉంది, కామెర్లు వచ్చాక కారం కూడా ఎగిరిపోయింది. శిరీష కళ్లకింద గుంతలు చూసి నాకు ఒళ్లు మండింది. తల్లికి మూడుపూటలా పప్పు, కూర, గుడ్డు పెట్టాలని కేసు షీటులో మందుల వరుసలోనే రాయించాను. మంజునాథ్ దాన్ని ఫోటో తీసుకున్నాడు గానీ వాళ్లమ్మకు చూపించే ధైర్యం చేసినట్టు లేదు.

తల్లీబిడ్డల బ్లడ్ గ్రూపుల మధ్య పేచీ లేదు. ఇన్‌ఫెక్షన్ జాడ లేదు. లైట్ల కింద పెడితే బిడ్డ చక్కగా కోలుకున్నాడు. ఇంటికి పంపాం. వారం తిరక్కుండానే మళ్లీ వచ్చాడు, ఈసారి ఇంకా పచ్చగా, పెదవులు తెల్లగా పాలిపోయి. రక్తం తగ్గిపోయింది, కొంచెం ఎక్కించాం. బిలిరుబిన్ రక్తం మార్చాల్సిన గీతకు బాగా దగ్గరగా వచ్చి ఆగింది. మళ్లీ లైట్ల కింద నెమ్మదిగా దిగింది. ఆసుపత్రిలో ఉంటే బాగుంటాడు, ఇంటికి పోతే పాడవుతాడు. అంటే మందు మా దగ్గర లేదు, రోగం వాళ్లింట్లో ఉంది. మూడోసారి ఇదే జరిగితే బిడ్డ తట్టుకుంటాడన్న నమ్మకం నాకు లేదు.

ఇలాంటప్పుడు అనుమానించవలసింది జి-6-పిడి లోపాన్ని. ఎర్రరక్తకణాలకు కాపలా కాసే ఒక ఎంజైము అది. అది తక్కువున్న పిల్లలు మామూలుగా బాగానే ఉంటారు, కొన్ని మందులో రసాయనాలో తగిలితే మాత్రం కణాలు టపటపా పగిలిపోతాయి. పరీక్షకు పంపాం. కానీ రక్తం పగిలిన కొత్తలో, పైగా వేరేవాళ్ల రక్తం ఎక్కించాక, ఆ పరీక్ష సరిగా పలకదు. కొన్ని నెలలు ఆగి మళ్లీ చేయాలి. ఈలోగా ఇంట్లో ఏది తగులుతోందో కనుక్కోవాలి.

మా జూనియర్లు పద్ధతి ప్రకారం అడిగారు. నాటుమందు వేశారా? పసరు పోశారా? దుకాణంలో అడిగి ఏమైనా మాత్ర ఇచ్చారా? ప్రతిదానికీ సుబ్బలక్ష్మమ్మ "లేదు" అనే చెప్పింది. మూడో జూనియరు కూడా అదే ప్రశ్నలు తీసుకొని వెళ్లేసరికి ఆమె కొంగు బిగించింది. "ఏమమ్మా, పోలీస్ స్టేషన్లో అడిగినట్టు అడుగుతాండారు? నలుగురు బిడ్డల్ని పెంచినా నేను. మా ఇంట్లో అట్లాంటివి చెయ్యం!" అని వార్డంతా వినబడేలా అరిచింది.

ఆమె అబద్ధం చెబుతోందని జూనియర్లు అనుకున్నారు. నాకు అలా అనిపించలేదు. మేం అడిగినవన్నీ తప్పుల గురించే, తనకు తెలిసి ఆమె తప్పేమీ చేయలేదు కాబట్టి లేదంటోంది. మరుసటి రోజు రౌండ్సు అయ్యాక ఆమె దగ్గర కూర్చొని, మీరు పురుడు బాగా పోస్తారని విన్నాను, మా పిల్లలు పుస్తకాలు తప్ప ఏమీ ఎరగరు, బిడ్డకు నీళ్లు పోయడం ఒకసారి చేసి చూపిస్తారా అని అడిగాను. ఊపిరాడని బిడ్డకు ఊపిరి పోయడం నేర్పడానికి మా దగ్గర ఒక రబ్బరు బొమ్మ ఉంటుంది. దాన్ని తెప్పించి ఆమె ఒళ్లో పెట్టాను.

సుబ్బలక్ష్మమ్మ బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసి, "సరిగా తిండి పెట్టినట్టు లేరే దీనికి" అంది. ఆ తర్వాత ఆమెను ఆపడం ఎవరి తరమూ కాలేదు. కాళ్లు చాపుకొని బొమ్మను పడుకోబెట్టి నూనె పట్టించింది, ముక్కు నిక్కబెట్టింది, తల గుండ్రంగా ఒత్తింది, లేని సాంబ్రాణి పొగ పట్టింది. మా జూనియర్లు నవ్వు ఆపుకోలేక మాస్కుల వెనక దాక్కున్నారు. తడి తుడిచినట్టు తుడిచి, "ఇంగ ఇప్పుడు పట్టుబట్ట" అని పక్కనున్న సంచిలోంచి ఒక పాత పట్టుచీర తీసింది. అది ఆమె అత్తగారి చీర. పసిబిడ్డకు మొదట కొత్తబట్ట వేయరు, బాగా బతికిన పెద్దవాళ్ల పాతబట్టే చుడతారు. ఆ ఇంట్లో దాని కోసం ఒక ట్రంకుపెట్టె నిండా అత్తగారి పట్టుచీరలు దాచి ఉంచారు. ఈ చీర బిడ్డను ఇంటికి తీసుకుపోయే రోజున చుట్టడానికి తెచ్చిందట.

"చూడమ్మా, మా అత్త పోయి ఎన్నేండ్లాయనో. ఒక్క పురుగు కొట్టలే. ఉయ్యాల గూడా దీని జత చీరతోనే కట్టినా" అంటూ చీర విదిలించి బొమ్మకు చుట్టింది. నేను మాస్కు కిందికి లాగాను. కళ్లు చెమర్చేంత ఘాటుగా కలరా ఉండల వాసన. రెండేళ్లుగా మాస్కులు పెట్టుకొని తిరుగుతూ మేం మా ముక్కుల్ని ముందే రిటైరు చేయించాం.

ఉయ్యాలకు కూడా ఇవి వేశారా అని మెల్లగా అడిగాను.

"వేసినా కదా! పాలవాసనకు చీమలు వస్తాయని రెండు పక్కలా ముడేసి కట్టినా. మా మంజునాథ్ అంగట్లోవే" అంది గర్వంగా. మంజునాథ్ కూడా, "మంచి సరుకు మేడమ్, శానా పోతాయి" అన్నాడు.

కలరా ఉండలంటే నాఫ్తలీన్. బీరువాలో, వాష్‌బేసిన్‌లో, బాత్‌రూములో అన్నిచోట్లా అవే. ఆ వాసన వస్తే ఇల్లు శుభ్రంగా ఉందనుకోవడం మనకు చిన్నప్పటి నుంచి అలవాటు. నిజానికి అవి గట్టిగా కనబడుతూనే ఆవిరైపోతుంటాయి. ఆ ఆవిరి బట్టకు పడుతుంది, బిడ్డ పీలుస్తాడు, చర్మం గుండా కూడా లోపలికి పోతుంది. ఒంటికి నూనె రాసి ఉంటే ఇంకా సులువుగా పోతుంది. కాస్త పెద్ద పిల్లలైతే పిప్పరమెంటనుకొని నోట్లోనే వేసుకుంటారు. జి-6-పిడి తక్కువున్న పసిబిడ్డకు ఆ చీరలో చుట్టుకొని, ఆ ఉయ్యాలలో పడుకోవడమే చాలు. ఇదంతా నేను వీలైనంత మెత్తగా చెప్పాను. మెత్తగా చెప్పడం నాకు అలవాటు లేని పని, మా జూనియర్లు నన్నే వింతగా చూశారు.

సుబ్బలక్ష్మమ్మ మొహం మాడిపోయింది. "అంటే నా మనవణ్ని నేనే చంపుకుంటాండానంటావా?" అంది. నాకు పాపమనిపించింది. కాదని, మీ నలుగురు పిల్లలకు ఏమీ కాలేదు కదా అని, ఈ బిడ్డలో పుట్టుకతోనే ఒక లోపం ఉన్నట్టుందని చెప్పాను. ఆ లోపం ఎలా వస్తుందో కూడా చెప్పవలసి వచ్చింది. ఆడవాళ్లు దాన్ని మోస్తారు, మగపిల్లల్లో బయటపడుతుంది, మగబిడ్డకు తల్లి నుంచే వస్తుంది, ఆడబిడ్డకు తండ్రి నుంచి కూడా రావచ్చు.

ఆ మాట చెవిన పడగానే ఆమెకు పోయిన ప్రాణం లేచొచ్చింది. "చూసినావా శిరీషా! నేను మొదట్నుంచీ చెప్తానే ఉండా, దోషం నీ తట్టే ఉండాదని!" శిరీష తల ఇంకా కిందికి వాలింది. నాకు మళ్లీ ఒళ్లు మండింది. కానీ వంశ చరిత్ర పూర్తిగా తీసుకోకుండా వదలకూడదు. శిరీష పుట్టింట్లో మగవాళ్లకెవరికైనా మందు పడక ఉచ్చ ఎర్రగా రావడం, ఒళ్లు పచ్చబడటం జరిగిందా అని అడిగాను.

కోడల్ని నోరు తెరవనివ్వకుండా అత్తే అందుకుంది. "ఎందుకు కాలేదు! మా అన్నకే అయింది. దీని నాయనకు. చిన్నప్పుడు చలిజ్వరమొస్తే మాత్రలిచ్చినారు. ఉచ్చ ఎర్రగా పోయె, ఒళ్లంతా పచ్చగాయె. మా యమ్మ ఎంత ఏడ్చిందో..." అని చెప్పుకుంటూ పోయి, ఎందుకో నెమ్మదించింది.

అప్పుడు శిరీష తలెత్తింది. ఆ రెండు వారాల్లో నేను ఆమె గొంతు వినడం అదే మొదటిసారి. "మా నాయనకు ఎవరి నుంచి వచ్చింటాది అత్తా?" అంది, చాలా మర్యాదగా.

సుబ్బలక్ష్మమ్మ కాసేపు ఒళ్లోని బొమ్మను చూసింది. తర్వాత కడుపు పట్టుకొని నవ్వడం మొదలుపెట్టింది. "అంటే మా యమ్మదా! చీర మా అత్తది, రోగం మా యమ్మది. నడిమధ్యలో నేను ముడేసినా!" అంటూ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. అవి నవ్వు నీళ్లేనని నేను అనుకోలేదు. ఆ మధ్యాహ్నం ఆమె మంజునాథ్‌ను హోటలుకు పంపి కోడలికి పప్పు, రెండు కూరలు, పెరుగు తెప్పించి పక్కన కూర్చొని తినిపించింది.

బిడ్డను మూడోసారి చేర్చాల్సిన పని రాలేదు. ఉయ్యాల చీర, ట్రంకుపెట్టె ఇంటినుంచే తరలిపోయాయి. కొన్ని నెలలకు పరీక్ష మళ్లీ చేస్తే జి-6-పిడి లోపం ఉన్నట్టు తేలింది. ఏ మందులు, ఏ వస్తువులు దగ్గరికి రానివ్వకూడదో ఒక కార్డు రాసి ఇచ్చాం. ఆ రోజు బిడ్డ బాగా ఉతికి ఆరేసిన వెలిసిపోయిన నూలు చీరముక్కలో ఉన్నాడు. ఎవరిదని అడిగితే తన కన్నతల్లిదని సుబ్బలక్ష్మమ్మ చెప్పింది. రోజూ కట్టుకున్న చీర, పెట్టెలో దాచేంత విలువైనది కాదట, ఎర్రగుంట్లలో అన్న ఇంటి దండెం మీద ఉంటే తెచ్చిందట.

రిటైరయ్యాక నేను కర్నూలులోనే ఉండిపోయాను. ఒకరోజు కల్లూరు వైపు పనిమీద పోయి, బీరువాలో పాత ఉన్ని కోట్లకు పురుగు పడుతోందని గుర్తొచ్చి ఒక అంగడి ముందు ఆగాను. కలరా ఉండలు ఇవ్వమన్నాను. గల్లాపెట్టె దగ్గర కూర్చున్నది సుబ్బలక్ష్మమ్మ. మాస్కు లేని నా మొహం ఆమె ఎక్కువగా చూసింది లేదు, గుర్తుపట్టలేదు.

"ఇంట్లో చంటిబిడ్డ ఉండాడా?" అని అడిగింది. లేరన్నాను. "చంటిబిడ్డను ఎత్తుకొని వచ్చేటోళ్లు?" వస్తుంటారన్నాను. "అయితే ఇయ్యను. మిద్దెమీద ఎండలో వేసుకోపో, పురుగు గిరుగు అన్నీ పోతాయి." ఇవి అంత ప్రమాదమని మీకెవరు చెప్పారని అడిగాను. "నాకొకరు చెప్పేదేంది? పెద్దాసుపత్రిలో డాక్టర్లకే బొమ్మ పెట్టి నేర్పినా నేను" అంది.

ఇన్నేళ్ల ఉద్యోగంలో రోగ చరిత్ర తీసుకోవడం గురించి నేను నేర్చుకున్నది ఇదే. ఏం తప్పు చేశారని అడిగితే ఇల్లంతా తలుపులు మూసుకుంటుంది. ఏది బాగా చేస్తారని అడిగితే పెట్టె తెరిచి చూపిస్తుంది. మనం వెతికేది తరచుగా ఆ పెట్టెలోనే ఉంటుంది. ఆమె చెప్పినదాంట్లో కాదనవలసింది ఏదీ కనబడక నేను ఇంటికి వచ్చి కోట్లు ఎండలో వేశాను.