దీపం చెప్పింది, నేను చెప్పలేదు

చెవులు బాగున్న ఒక మనిషిని, నీ చెవులు పోయాయని నమ్మించాను. నమ్మించి, ఇరవై ఏళ్ళకు పైగా ఏమీ ఎరగనట్టు తిరుగుతున్నాను. ఆయన్ను తిట్టలేదు, కొట్టలేదు, ఆయన సొమ్ము ముట్టలేదు. రెండు అంకెలు తప్పు చెప్పాను, అంతే. అంతే అని రాయడానికి కూడా చెయ్యి సాగడం లేదు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్తున్నాను. తెలిసినవాళ్ళ దగ్గర మొదలుపెడితే సగంలోనే నవ్వేస్తారు. నేను నోరు తెరిచానంటే నవ్వడం సిద్దిపేటలో చాలామందికి అలవాటైపోయింది. చావింటికి పోయినా సరే, నన్ను చూసి ఎవడో ఒకడు కండువా అడ్డం పెట్టుకుని ముసిముసిగా నవ్వుతాడు. ఇన్నాళ్ళూ ఆ నవ్వులే తిని బతికాను. ఈ పాపమూ ఆ నవ్వుల కోసం చేసిందే.

ఏడో తరగతిలో నేను బడిని వదిలేశానో, బడే నన్ను వదిలించుకుందో తెలియదు. లెక్కల్లో సున్నా వస్తే అది గుండ్రంగా ఎంత బాగుందో చూడమని సారుకే చూపించిన రకం నేను. మా బాపు నన్ను తీసుకుపోయి కరీంనగర్ రోడ్డు మీద జానీమియా ఉస్తాద్ షెడ్డులో పడేశాడు. పానాలు అందించడం దగ్గర నుంచి ఇంజన్ విప్పి మళ్ళీ బిగించేదాకా, నాకు వచ్చిన పని అంతా ఆయన పెట్టిన భిక్షే.

ఉస్తాద్ పనితనం ఆయన చెవిలో ఉండేది. మూరెడు పొడుగు స్క్రూడ్రైవరు ఒకటి ఉండేది ఆయనకు. ఇంజన్ నడుస్తుండగా దాని మొనను ఇంజన్ మీద ఆనించి, చెక్కపిడిని చెవి దగ్గరి ఎముకకు ఆనించి, కళ్ళు మూసుకునేవాడు. డాక్టర్ రొమ్ము చూసినట్టే. కాసేపటికి కళ్ళు తెరిచి రోగం చెప్పేవాడు. విప్పి చూస్తే అదే ఉండేది. చేర్యాల నుంచి, కొండపాక నుంచి బండ్లు మా షెడ్డు వెతుక్కుంటూ వచ్చేవంటే ఆ చెవి కోసమే. ఆయన ముందు ఎవరూ హారన్ కొట్టేవారు కాదు. ఆ చెవికి అంత మర్యాద.

తొంభైల చివర్లో కొత్త రకం పెట్రోలు కార్లు వచ్చాయి. లోపల కంప్యూటరు అన్నారు. స్టీరింగ్ ముందు పసుపుపచ్చ దీపం ఒకటి వెలిగితే ఇంజన్‌లో ఏదో రోగం ఉన్నట్టు. ఆ రోగమేదో తెలుసుకోవాలంటే హైదరాబాదుకు పోయి, పెద్ద వర్క్‌షాపులో బండి అప్పజెప్పి, మిషను తగిలించి చూసేదాకా బయట కూర్చోవాలి. రిపేరుకు కాదు, రోగం పేరు చెప్పడానికే అంత తతంగం.

ఒక హైదరాబాదు డ్రైవరు నాకు కిటుకు చెప్పాడు. బండిలో చిన్న ప్లగ్గు ఒకటి ఉంటుంది. దానిలో రెండు బెజ్జాలను చిన్న తీగతో కలిపి తాళం తిప్పితే ఆ పసుపు దీపం మినుకుమినుకుమంటుంది. ఆ మినుకులే లెక్క. మూడుసార్లు మినుకుమని, కాస్త ఆగి, రెండుసార్లు మినుకుమంటే ముప్పైరెండు. ఏ అంకెకు ఏ రోగమో ఆ డ్రైవరు ఇంగ్లీషు పుస్తకంలో చూసి చెప్తుంటే నేను తెలుగులో రాసుకున్నాను. తీగ కూడా కొనలేదు. మా ఆవిడ జడపిన్ను ఒకటి వంచాను. హైదరాబాదులో రెండురోజుల పని మా షెడ్డులో జడపిన్నుతో అయిపోయేది. ఊళ్ళో నాకు పిన్ను డాక్టరని పేరు పడింది. అప్పట్లో నా నడక కూడా మారిందని ఇప్పుడు అనిపిస్తుంది.

ఉస్తాద్ కుళ్ళుకున్నాడా అంటే, లేదు. మొదటిసారి చూసినప్పుడు చిన్నపిల్లాడిలా ఆ దీపం ముందు వంగి, "బండే తన రోగం జెప్పుకుంటదా? షభాష్! మనుషులు గూడ గిట్లుంటే ఎంత బాగుండు" అన్నాడు. ఆయన అసూయపడి ఉంటే నాకు ఇప్పుడు కాస్త సుఖంగా ఉండేదేమో.

ఆ రోజు మంచి ఎండాకాలం మధ్యాహ్నం. కొండపాక పటేల్ కొత్త కారు వచ్చింది. వేడెక్కితే నల్లపొగ కక్కి, ఎగిరెగిరిపడి ఆగిపోతోందట. పటేల్, ఆయన డ్రైవరు, పక్కన చాయ్ హోటలతను, లారీలు ఆపుకున్న మరో నలుగురైదుగురు చుట్టూ చేరారు. ఉస్తాద్ పొగ వాసన చూశాడు. స్క్రూడ్రైవరు ఆనించి కళ్ళు మూసుకున్నాడు. ఎప్పటికన్నా ఎక్కువసేపు విన్నాడు.

"పటేలా, దీనికి చోక్ పట్టుకున్నది. ఒళ్ళు వేడెక్కినా ఇంక చలిలున్నట్టే పెట్రోలు తాగుతున్నది."

చోక్ అంటే పాత బండ్లలో గుంజే పిడి. చలికాలం పొద్దున ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు దాన్ని లాగితే పెట్రోలు ఎక్కువ పోతుంది. వేడెక్కాక లోపలికి నెట్టేయాలి. ఈ కొత్త బండ్లలో ఆ పిడీ లేదు, ఆ ఏర్పాటూ లేదు. అది నాకు తెలుసు. ఉస్తాద్‌కు తెలియదు. ఇంక నా నోరు ఆగుతుందా?

"ఉస్తాద్, గీ బండికి చోకే లేదు! బోసినోటి అవ్వకు పంటినొప్పి అన్నట్టున్నది నీ మాట!"

షెడ్డు రేకులు ఎగిరిపోయేలా నవ్వారు. పటేల్ బానెట్ మీద చరుస్తూ నవ్వాడు. డ్రైవరు, "మియా, గిది నీ పాత జీపు గాదు" అన్నాడు. ఉస్తాద్ కూడా నవ్వాడు. నవ్వి, నా భుజం తట్టి, "అయితే నీ పిన్ను వెట్టి జూడు బేటా. నా చెవికైతే గట్లనే ఇనపడ్డది" అన్నాడు.

సీట్లో కూర్చున్నాను. పిన్ను పెట్టి, తాళం తిప్పాను. ఎండ వెలుగుకు దీపం కంటికి సరిగ్గా ఆనకపోతే తువ్వాలు అడ్డం పట్టుకుని చూశాను. ఆ తువ్వాలు వెనక ఏం జరుగుతోందో నాకు తప్ప ఎవరికీ కనిపించదు.

ఒక మినుకు. ఆగింది. నాలుగు మినుకులు.

పద్నాలుగు. కాగితం తీయనక్కర లేదు, నాకు కంఠతా వచ్చు. ఇంజన్ వేడిని కంప్యూటరుకు చెప్పే ముక్క పనిచేయడం లేదు. ఇంజన్ కాగిపోతున్నా చల్లగానే ఉందనుకుని కంప్యూటరు పెట్రోలు గుమ్మరిస్తోంది. అంటే బండికి చోక్ లేకపోయినా చోక్ చేసే పనే జరుగుతోంది. ఉస్తాద్ విన్నది అచ్చంగా అదే. ఆయన దగ్గర దానికి పాత పేరు ఉంది, అంతే. కంప్యూటరు అన్న మాటే సరిగ్గా పలకలేని ఆ ముసలాయన, ఒక చెక్కపిడితో ఆ కంప్యూటరు చేస్తున్న పొరపాటును విన్నాడు. నా పిన్నుకన్నా ముందే విన్నాడు.

ఆ దీపం ఏ అంకెనైనా మూడుసార్లు చెప్తుంది. ఒకటి, నాలుగు. ఒకటి, నాలుగు. ఒకటి, నాలుగు. నాకు మూడుసార్లు అవకాశం ఇచ్చింది.

బయట ఇంకా నవ్వుతున్నారు. చాయ్ హోటలతను కొత్తగా వచ్చినవాడికి బోసినోటి అవ్వ మాట మళ్ళీ చెప్తున్నాడు. నాకు వినపడుతోంది.

"ఎన్ని కొట్టింది బేటా?"

ఆలోచించకుండా నోరు జారానని రాసుకుంటే బాగుండు. ఎన్నోసార్లు నాకు నేను అలాగే చెప్పుకున్నాను. అబద్ధం. ఆలోచించాను. 'ఉస్తాద్ చెప్పిందే నిజం' అంటే ఆ నవ్వంతా తిరిగొచ్చి నా మీద పడుతుందని లెక్క వేసుకున్నాను. లెక్కల్లో సున్నా వచ్చినవాడిని, ఆ లెక్క మాత్రం రెప్పపాటులో వేశాను. నన్ను చూసి నవ్వితే ఏం పోయేది? పొద్దున లేస్తే నేను చేసేదే అది కదా, నవ్వించడం? కానీ నేను నవ్వించడం వేరు, నన్ను చూసి నవ్వడం వేరు అని ఆ సీట్లో కూర్చున్నప్పుడే నాకు తెలిసింది.

"రెండు, ఒకటి. ఇరవై ఒకటి" అన్నాను. "చోక్ లేదు, గీక్ లేదు ఉస్తాద్. ఎక్సిలేటర్ కాడ ఉన్నది రోగం."

"సక్కగ జూసినవా?"

"మూడుసార్లు జూసిన."

అది మాత్రం నిజమే.

ఎక్సిలేటర్ దగ్గర ఏదో కెలికినట్టు నటిస్తూ, ఆ వేడి చూసే ముక్క తీగ పట్టుకున్నాను. చిలుము పట్టి ఉంది. గీకి బిగించడానికి నిమిషం పట్టలేదు. బండి స్టార్ట్ చేస్తే పొగ లేదు, ఎగిరిపడడం లేదు. పటేల్, "శిష్యుడు గురువును మించిండు పో!" అన్నాడు. నేను తల వంచుకుని నవ్వాను. ఎంత వినయంగా నవ్వానో నాకు ఇంకా గుర్తుంది.

ఉస్తాద్ మళ్ళీ స్క్రూడ్రైవరు ఆనించి విన్నాడు. తీసేసి, చిటికెన వేలు చెవిలో పెట్టి తిప్పుకున్నాడు.

"ఎక్సిలేటర్ రోగం నాకు చోక్ లెక్క ఇనపడ్డదంటే, చెవి పోయినట్టే గద బేటా?"

ఇంకో అవకాశం. నేను ఏమన్నానో తెలుసా? "వయసయితే చెవులకు గూడ పరదాలు వడ్తయి ఉస్తాద్" అన్నాను. మళ్ళీ అందరూ నవ్వారు.

ఆ తర్వాత ఆయన ఏ బండి విన్నా, విని, నన్ను పిలిచేవాడు. "నువ్వోసారి ఇను." ప్రభుత్వ దవాఖానలో చెవులు చూపించుకున్నాడు. డాక్టరు ఏ లోపమూ లేదన్నాడు. ఉస్తాద్ నమ్మలేదు. "డాక్టర్‌కు మనుషుల మాట ఇనపడితే సాలు. నాకు గది సాలదు" అన్నాడు. మొదట తోచింది సరైనదే అయినా దాన్ని కాదనుకుని, వేరేది విప్పడం మొదలుపెట్టాడు. ఒకసారి ఇబ్రహీంపూర్ రైతు ట్రాక్టరు ఇంజన్ మొత్తం ఊరికే ఊడదీశాడు. ఆ రైతు నానా మాటలూ అన్నాడు. తప్పు ఎక్కడుందో ఉస్తాద్ మొదటి నిమిషంలోనే నాకు చెప్పాడు, చెప్పి వెంటనే కాదన్నాడు. నేను చెప్పిన అబద్ధం అలా నా కళ్ళ ముందే నిజమైపోయింది. చెవులు బాగానే ఉన్నాయి. వాటి మీద నమ్మకమే చచ్చింది. మెకానిక్‌కు రెండూ ఒకటే.

ఏడాది తిరక్కుండా షెడ్డు నాకు అప్పజెప్పి చేర్యాలలో కూతురింటికి వెళ్ళిపోయాడు.

చెప్పేద్దామని ఒకసారి చేర్యాల బస్సెక్కాను. దారి పొడుగునా మాటలు పేర్చుకున్నాను. ఆయన అరుగు మీద ఊరికే కూర్చుని ఉన్నాడు. ఎదురుగా రోడ్డు మీద బండ్లు పోతుంటే ఏ బండి వైపూ తల తిప్పడం లేదు. చాయ్ ఇప్పించాడు. నేను నోరు తెరిచేలోగా ఆయనే అన్నాడు.

"నువ్వు అందరి ముంగట జెప్పినవని కొందరు నిన్ను తిట్టిన్రు బేటా. నేనొప్పుకోలె. వాడొక్కడే నిజం జెప్పిండని వాళ్ళతోని అన్న. లేకుంటే ఇంకెంతమంది బండ్లు ఖరాబు జేద్దునో. అల్లా నిన్ను సల్లగ జూడాలె."

చాయ్ గ్లాసు కింద పెట్టాను. ఏం చెప్పాను? ఒక జోకు చెప్పాను. ఏ జోకో కూడా గుర్తులేదు. ఆయన కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. సాయంత్రం బస్సుకు తిరిగొచ్చాను.

ఆ వానాకాలమే ఆయన పోయాడు. జనాజాకు నేనూ భుజం పట్టాను. అర్హత ఉందా అని ఎవరూ అడగలేదు. అడిగేవాడు ఎవడున్నాడు?

ఇప్పటికీ మా మెకానిక్‌లలో ఎవడైనా అర్థంలేని మాట అంటే, 'జానీమియా చోక్' అంటారు. మొన్ననే కొత్తగా పనిలో చేరినవాడొకడు అన్నాడు. ఉస్తాద్ ఎవరో వాడికి తెలియదు, ఆ మాట మాత్రం వచ్చు. నేను పక్కనే ఉన్నాను. అందరితో పాటు నవ్వాను. నా నోటి మాటే తిరిగి తిరిగి వాడి నోట్లోకి వచ్చింది. అది నా తర్వాత కూడా బతుకుతుంది.

ఇప్పుడు మీకు చెప్పేశాను. చెప్పాక ఊపిరి కాస్త ఆడుతున్నట్టుంది. ఆ సుఖం కూడా నాకే దక్కుతోంది, ఆయనకు ఇందులో ఏమీ రాదు. క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించాల్సినవాడు, నాకు మేలు జరగాలని కోరుకుని పోయాడు. ఆయన కూతురు ఇప్పటికీ, అబ్బాకు చెవులు తొందరగా పోయినయని అంటుంది. ఆమెకు చెప్పే ధైర్యం ఇంకా రాలేదు, వస్తుందని ఒట్టు కూడా పెట్టలేను.

కానీ ఒక్కటి ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి. ఆ మధ్యాహ్నం ఆ షెడ్డులో అంతమందిమి ఉన్నాం. సరిగ్గా విన్నది మాత్రం జానీమియా ఒక్కడే.