కొత్త ఫోల్డరు బరువు

వేట నిషేధం ఉన్న రెండు నెలలూ మాకు మధ్యాహ్నాలు ఒక పట్టాన అయిపోవు. ఫిషింగ్ హార్బర్లో బోట్లన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని కునుకు తీస్తుంటాయి. వేలంపాట కేకలుండవు. ఐసు పగలగొట్టే మిషన్ల రొద ఉండదు. మా మేడ మీద గది కిటికీలోంచి చూస్తే నీళ్ళూ ఆకాశమూ యారాడ కొండా అన్నీ ఎండలో కరిగి ఒకే రంగులో ఉంటాయి, ఏది ఎక్కడ మొదలైందో చెప్పలేం. ఆ గదిలో కూర్చుని నేను ఊళ్ళోవాళ్ళ పెళ్ళిళ్ళు అతుకుతుంటాను.

అతకడమంటే వీడియో ఎడిటింగు. స్టూడియోవాళ్ళు తీసిచ్చినదాన్ని ల్యాప్‌టాప్‌లో కోసి, పెళ్ళికూతురు ఆవలించినవీ, పెళ్ళికొడుకు మేనత్త విసుక్కున్నవీ తీసేసి, మిగిలినదానికి పాటలు పెడతాను. నాకు పెళ్ళిళ్ళ సీజనూ, మా ఆయనకి వేట నిషేధమూ ఒకేసారి వస్తాయి. ఆయనకి చేతినిండా తీరిక ఉన్నప్పుడే నాకు ఊపిరాడదు. ఆయన బోటు డ్రైవరు. మా పేటలో ఆడవాళ్ళందరిలాగే నేనూ మొగుణ్ణి మావా అనే పిలుస్తాను.

ఈసారి నిషేధం మొదలైన రోజున మాత్రం నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు. మావ ఇక సముద్రం మీదకి వెళ్ళనన్నాడు. ఐసు ఫ్యాక్టరీలో పని ఖాయమైంది, నిషేధం అయిపోగానే అందులో చేరాలి. ఈ మాట కోసం ఎన్నాళ్ళు ఆయన ప్రాణం తోడానో నాకే తెలుసు. అంతకుముందొక తుపానులో వాళ్ళ బోటు జాడ తెలియక, జెట్టీ మీద నిలబడి వచ్చే ప్రతి బోటు ముక్కూ చూసి చూసి నా కళ్ళు కాయలు కాచాయి. తిరిగొచ్చాక ముందు తిట్టాను, తరవాత ఏడ్చాను. అప్పట్నుంచి ఆయన గట్టెక్కిన ప్రతిసారీ అదే పాట పాడాను. చివరికి "సరేలేవే" అన్నాడు. ఆ ఒక్క మాటతో నాకు ఇల్లంతా వెలుగొచ్చినట్టయింది.

ఒక్కటే తేడా. గట్టెక్కిన దగ్గర్నుంచి మావకి సరిగ్గా నిద్ర పట్టడం లేదు. చాప మీద వెల్లకిలా పడుకుని పైకప్పు చూస్తూ ఉంటాడు. కళ్ళ కింద నలుపొచ్చింది. ఏమైందంటే "ఏటీ లేదే" అంటాడు. నేను ఎండ వల్లనన్నాను, ఫ్యాను గాలి చాలకనన్నాను, టీ తాగడం తగ్గించమన్నాను.

అలాంటి ఒక మధ్యాహ్నం నా ల్యాప్‌టాప్ మొండికేసింది. ఆనందపురం స్టూడియో అతను సాయంత్రానికి ఒక పెళ్ళి మొత్తం తెస్తానన్నాడు, కాపీ చేసుకోవడానికి చోటు లేదు. డిస్కు గీత ఎర్రగా నిండిపోయింది. పాత పెళ్ళిళ్ళు ఎన్ని తీసేసినా ఆ ఎరుపు ఇసుమంత కూడా కదలలేదు. ఏ ఫోల్డరు ఇంత మింగిందో చూద్దామంటే కంప్యూటర్‌తో వచ్చిన ఫైల్ మేనేజరు చెప్పదు. చిన్న ఫోటో పక్కన కూడా దాని సైజు బుద్ధిగా రాస్తుంది, ఫోల్డరు దగ్గరకొచ్చేసరికి ఆ గడి ఖాళీ. ఒక్కొక్కదాని మీదా నొక్కి, ప్రాపర్టీస్ అడిగి, అది లెక్కపెట్టేదాకా గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవాలి. గంప ఎత్తి చూడకుండా చేపలు కొనే మనిషి మా హార్బర్లో ఉండదు. మరి వీళ్ళకి ఎత్తి చూపించడానికేం రోగం?

అలా తిట్టుకుంటూనే ఫోల్డరు సైజు చూపించే ప్రోగ్రాములు, ఉచితంగా దొరికేవి వెతకడం మొదలుపెట్టాను. మొదట దించుకున్నది డిస్కునంతా రంగురంగుల గళ్ళుగా పరిచి చూపించింది. పెద్ద ఫోల్డరుకి పెద్ద గడి, చిన్నదానికి చిన్న గడి. ఆనందపురం దాటాక బస్సులోంచి కనిపించే పూలతోటల్లా ఉంది. చేసే పని మరిచిపోయి, పసుపులోంచి ఎరుపులోకీ ఎరుపులోంచి నీలంలోకీ వేలు తిప్పుతూ చాలాసేపు గడిపాను. ఎందుకో నా బతుకంతా ఇక్కడ మళ్ళు కట్టి ఉందనిపించింది. కానీ చూడ్డానికే తప్ప చెయ్యి పెట్టడానికి లేదు. ఇక్కడిది తీసి అక్కడ పెట్టాలంటే మళ్ళీ పాతదాని గుమ్మంలోకే పోవాలి.

రెండోది పైపై మాటల మనిషి. ఉచితమని పిలిచింది, తీరా లోపలికి వెళ్ళాక నాలుగు రోజులే ఉచితమంది. పైగా మూల మూలకీ ఏదో ఒక ప్రకటన ఎగిరొచ్చి కూర్చునేది. దాన్ని వచ్చిన దారినే పంపించాను.

మూడోది బూడిదరంగులో, పాతకాలం దానిలా ఉంది. పక్కపక్కనే రెండు కిటికీలు, అంతే. ఎక్కడో ఎవరో పనిలేని పుణ్యాత్ముడు చేసి ఊరికే ఇచ్చిందట. అందులో ఏ ఫోల్డరు తెరిచినా దాని సైజు పేరు పక్కనే వచ్చేది, అదీ ఒక్కసారిగా కాదు. సున్నా దగ్గర మొదలై నెమ్మదిగా, పోటు వచ్చినప్పుడు నీళ్ళు పైకొచ్చినట్టు, అంకె పెరుగుతూ పెరుగుతూ ఒకచోట ఆగేది. అంత నిదానం ఇంకెవరైనా చూపిస్తే కసిరేదాన్నే. దీన్ని చూస్తుంటే మాత్రం నిద్రమత్తులాంటి హాయి కమ్మింది. నాకిదే కావాలి అనుకున్నాను.

పెళ్ళిళ్ళ ఫోల్డర్ల అంకెలన్నీ వరసగా ఆగిపోయాయి. చిట్టచివర్న "కొత్త ఫోల్డరు" అని ఒకటి మాత్రం ఆగలేదు. దాని అంకె పెరుగుతూనే ఉంది. నా పెళ్ళిళ్ళన్నీ కలిపినా దాని ముందు దిగదుడుపే. అది నేను పెట్టింది కాదు. గట్టెక్కినప్పుడల్లా మావ తన ఫోనుకి కేబులు తగిలించి ఏదో కాపీ చేసేవాడు. సినిమాలేమోననుకున్నాను.

తెరిస్తే అన్నీ వీడియోలే, అన్నీ నల్లటివే. ఒకదాన్ని నొక్కాను. బొమ్మ లేదు, చీకటి. కాసేపటికి ఇంజిను చప్పుడొకటి మొదలైంది. డుగుడుగుమని ఒకే వరస. దాని కింద నీళ్ళు బోటు చెక్కకి తగిలి జారిపోతున్న చప్పుడు. ఎవరో దగ్గారు, ఎక్కడో గిన్నె దొర్లింది. జేబులో ఉన్న ఫోను దానంతటదే వీడియో తీసేసి ఉంటుంది, ఈ చెత్తంతా తెచ్చి నా నెత్తిన పోశాడు కదా అని ఒళ్ళు మండింది. నాలుగు దులిపేద్దామని వెనక చాప మీద ఉన్న ఆయన వైపు తిరిగాను.

మావ నిద్రపోతున్నాడు. నోరు కొంచెం తెరుచుకుని, ఒక చెయ్యి గుండెల మీద వేసుకుని, చిన్నపిల్లాడిలా.

నేను ఊపిరి బిగపట్టి కూర్చున్నాను. చప్పుడు గదంతా నిండింది. కిటికీ పరదా ఉబ్బి, తగ్గి, మళ్ళీ ఉబ్బింది. ఎండలో కొండ కదులుతున్నట్టుంది, నేనే కదులుతున్నానేమో. మా ఆడవాళ్ళం వేటకి వెళ్ళం. బోటెక్కడమంటే పూజ రోజున జెట్టీకి కట్టేసి ఉండగా పసుపు రాసి దిగడమే. ఆ మధ్యాహ్నం మాత్రం మా గది తాడు విప్పుకుని నీళ్ళ మీదకి వెళ్ళిపోయింది. గట్టు కనపడని చోటికి వెళ్ళాం. నా కాళ్ళ కింద గచ్చు మెత్తగా లేచి దిగింది. భయం వెయ్యలేదు. ఇన్నేళ్ళూ ఈయన ఎక్కడికి వెళ్తాడో మొదటిసారి చూశాననిపించింది.

వీడియో అయిపోయింది.

మావ దిగ్గున లేచి కూర్చున్నాడు. "ఏటయ్యింది? ఇంజినాగిపోనాదా?"

"లేదు మావా. ఫైలైపోనాది, అంతే."

చుట్టూ చూశాడు. గోడా, ఫ్యానూ, నా ల్యాప్‌టాప్‌లో తెరిచి ఉన్న ఆ ఫోల్డరూ. దొరికిపోయినవాడిలా తల దించుకున్నాడు.

"బోటు మీద ఆ సప్పుడు మీదే పడుకుంతామే," అన్నాడు నెమ్మదిగా. "అదాగిందంతే ఏదో అయ్యిందనే. అందరం ఒక్కసారే లేసిపోతాం. గట్టు మీద అది ఎప్పుడూ ఆగిపోయినట్టే ఉంతాది. ఇదివరకు మళ్ళీ ఎల్తామన్న దీమా మీద కునుకు పట్టీది, ఇంక నిద్దరెలాగడతాది?"

"మరి ఇన్నెందుకు తీసినావు?"

"ఐసు ఫ్యాక్టరీకెల్లిపోతే మరి దొరకదు కదా అనీసి. ఎల్లిన యేటకల్లా తీసి దాసినాను."

నాకు సరే అని చెప్పి, ఆ సరేతో బతకడానికి ఈ మనిషి గుట్టుగా సరంజామా సర్దుకున్నాడు. అయినా నేను ఊరుకునే రకమా? పని తెలిసినదాన్నని వెంటనే హుషారొచ్చింది. "ఓస్, ఇంతేనా? ఈ నల్ల బొమ్మలకే ఇంత చోటు పట్టింది మావా. సౌండొక్కటీ తీసి ఉంచుతాను, పిసరంత చోటు సాలు. నీ నిద్దరకి నిద్దర, నా పెళ్ళికి చోటు."

ఆయన ముఖం విప్పారలేదు. "ఎన్నాళ్ళొత్తాదే?"

"ఎన్నాళ్ళేటి? మళ్ళీ మళ్ళీ ఏసుకో. బతుకంతా ఏసుకో."

"ఏసి సూసినానే, ఫోన్లో, సెవిలో పెట్టుకుని. రెండు మూడుసార్లింటే ఎక్కడాగుద్దో తెలిసిపోతాది. ఆ జాగా వొత్తాదనగా ముందే మెలుకువొచ్చేత్తాది. తరవాతింక ఆ ముక్క పనికిరాదు." బియ్యం డబ్బాలోకి తొంగిచూసే మనిషిలా స్క్రీను వైపు చూశాడు. "ఇప్పటికి సగం అయిపోనాయి."

కింద వీధిలో ఎవరో వల బాగుచేసుకుంటూ కబుర్లాడుతున్నారు. ఆ మాటలు చాలా దూరం నుంచి వస్తున్నట్టున్నాయి. నాకు ముందు కోపమొచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం. ఆ తరవాత ఆయన కళ్ళ కింది నలుపు చూశాను. సముద్రం నా దగ్గర్నుంచి ఆయన్ని ఎప్పుడో ఒక రోజు లాక్కుంటుందని భయపడ్డాను. ఇక్కడ నేనే కొంచెం కొంచెంగా లాగేస్తున్నాను.

"ఫ్యాక్టరీకి ఫోన్ సేసి రానని సెప్పేయ్ మావా," అన్నాను.

"అదేటే? ఇన్నాళ్ళూ నువ్వే కదేటి పోరు పెట్టినావు!"

"పెట్టినాను. ఇప్పుడు నానే ఒద్దంతన్నాను."

"బయపడవా?"

"పడతాను. సచ్చేంత బయపడతాను. అయినా నువ్విలాగ కళ్ళు తెరుసుకుని పడుంతే నాను సూళ్ళేను."

ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. చాలాసేపు వదల్లేదు.

నేను ల్యాప్‌టాప్ వైపు తిరిగి ఆ ఫోల్డరు మీద వేలు పెట్టాను. "ఉండనీవే, సౌండు తీసి దాత్తానన్నావు కదా," అన్నాడు. తియ్యొచ్చు. అప్పుడు చోటుకీ లోటుండదు. కానీ అవి ఉంటే నాకు మళ్ళీ ఆశ పుడుతుంది. తుపాను వార్త విన్న ప్రతిసారీ వాటిని చూపించి ఉండిపొమ్మంటాను. ఈయన మళ్ళీ సరే అంటాడు. నన్ను నేను ఎరుగుదును.

నిజంగా తీసేయమంటావా అని ల్యాప్‌టాప్ అడిగింది. అవునని నొక్కాను. బూడిదరంగు కిటికీలో అంకె వచ్చినంత నిదానంగానే తగ్గుతూ వెళ్ళింది. తగ్గుతున్న కొద్దీ మావ జెట్టీ నుంచి దూరమవుతున్నట్టే ఉంది. ఇక ఆయనకి సముద్రం మీద నిద్ర పట్టే రాత్రుల్లో ఇక్కడ మేలుకుని ఉండేది నేనే. అంకె సున్నా అయ్యేదాకా చూశాను.

వీధిలో స్కూటరాగింది. స్టూడియో అతను మెట్ల కింద నుంచి కేకేశాడు. "అక్కా, పెళ్ళి పెద్దదే తెచ్చినాను. పడతాదా మరి?"

కొంగుతో ముఖం తుడుచుకున్నాను.

"పడతాది, తే," అన్నాను. "బోలెడంత కాళీ అయ్యింది."