బిగుతు కాజాల చొక్కా

ఇరవై రెండేళ్ళ కిందట ఒక పెద్ద డాక్టరు మా మేనమామ చొక్కా గుండీలు రెండు తెంపాడు. గుండెజబ్బుల ఓపీ గదిలో, ఇరవై మంది విద్యార్థుల ముందు, పేరైనా అడక్కుండా చొక్కా లాగి, అందరి చేతా వరసగా స్టెతస్కోపు పెట్టించాడు. తర్వాత ఇంగ్లీషులో ఏదో చెప్పి, ఐదు వేళ్ళు చూపించి పెదవి విరిచాడు. మామయ్యకు ఇంగ్లీషు రాదని ఆయన ధీమా. ఐదు వేళ్ళు చూపి పెదవి విరిస్తే ఏ భాషలోనైనా ఒకటే అర్థమని అంత చదివినవాడికి తట్టలేదు. మామయ్య తెగిన గుండీలు ఏరుకుని ఇంటికొచ్చాడు. ఆయన దర్జీ. గుండీలు కుట్టుకోవడం నిమిషం పని. ఆ ఐదు వేళ్ళు మాత్రం కళ్ళ ముందు నుంచి పోలేదు.

ఐదేళ్ళు గడిచాయి, పదేళ్ళు గడిచాయి, ఆ డాక్టరు రిటైరై వెళ్ళిపోయాడు. మామయ్య మిగిలాడు. ఆయన గుండెలో కవాటం సరిగా మూసుకోక వచ్చే చప్పుడు, స్టెతస్కోపు పెడితే గంట కొట్టినట్టు వినబడుతుంది. కొత్తగా వచ్చిన పెద్ద డాక్టరమ్మ, "మాస్టారూ, మంగళవారం మంగళవారం వచ్చి మా కుర్ర డాక్టర్లకి కాస్త వినిపించరూ?" అని బతిమాలింది. మామయ్య ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, ఇంటికొచ్చి ఒక చొక్కా కుట్టాడు.

ఆ చొక్కాకి కాజాలు గుండీల కన్నా వెంట్రుకవాసి చిన్నవి. అడక్కుండా చెయ్యి వేసినవాడు గోళ్ళు విరగ్గొట్టుకోవాల్సిందే. "చొక్కా విప్పి చూడొచ్చా?" అన్నవాళ్ళకి మాత్రం బొటనవేలితో నొక్కి టకటకా విప్పేవాడు. నేను మామయ్య ఇంట్లోనే ఉంటాను కాబట్టి తోడు వెళ్ళి, మూలన స్టూలు మీద కూర్చునేవాణ్ణి. లావుపాటి పుస్తకాలన్నీ మింగినవాళ్ళు ఒక్క గుండీ దగ్గర చెమటలు కక్కుతుంటే నాకు కడుపు నిండేది.

"ఏంటండీ ఇది, ఊడి చావదు?" అన్నాడొకసారి సెంటు పూసుకొచ్చిన ఒక కుర్ర డాక్టరు.

"ఊడుతుంది నాయనా. వేళ్ళకంటే ముందు నోరు వాడాలి."

అక్కడితో ఆగేవాడు కాదు. ప్రతి వారం ఏదో ఒకటి దాచేవాడు. మాత్రలు మానేసిన సంగతో, మెట్లెక్కితే ఆయాసమొచ్చిన సంగతో, అడిగితేనే బయటపెట్టేవాడు. "టేపు తియ్యకముందే సగం కొలత కళ్ళతో తీసుకోవాలి. మనిషి గుమ్మం దాటేటప్పుడే చూడండి" అని వాళ్ళకి పాఠం.

ఈ చలికాలం దాచింది మాత్రం ఆట కాదు. నేను దుకాణంలో అడుగుపెట్టేసరికి తన ప్యాంటు కుట్లు తనే విప్పి నడుము వదులు చేస్తున్నాడు.

"ఎన్నంగుళాలు మామయ్యా?"

"రెండు. మీ అత్త వంట."

మొహం చూస్తే పీక్కుపోయి ఉంది.

"అది ఒళ్ళు కాదు, నీరు. డాక్టరమ్మకి చెప్పాలి."

"చెప్తే ఆపరేషనంటారు రా. మత్తిచ్చి పడుకోబెట్టాక నన్నెవడు అడుగుతాడు చొక్కా విప్పొచ్చా అని? నువ్వు నోరు మెదిపావో, నీ పెళ్ళి సూటు చంకలు పట్టేసేలా కుడతా."

నాకు పెళ్ళెక్కడిది? అయినా మాటిచ్చాను.

ఆ మంగళవారం పొద్దున నా చెప్పులు కనబడలేదు. ఎదురింటి కుక్కని నాలుగు తిట్టి, పాత బూట్లు తొడుక్కుని వెళ్ళేసరికి మామయ్య ఓపీ గదిలో బల్ల వెనక దర్జాగా కూర్చున్నాడు. ఇద్దరు కుర్ర డాక్టర్లు చప్పుడు విని, పాఠం అప్పజెప్పి వెళ్ళిపోయారు. మామయ్య నాకు కన్ను కొట్టాడు. వాళ్ళు ఓడిపోయినందుకు మొదటిసారి నాకు నవ్వు రాలేదు.

మూడోది బక్కపలచటి పిల్ల. అడిగింది, వింది, "కాస్త లేచి వెనక్కి తిరుగుతారా మాస్టారూ?" అంది. వీపు మీద విన్నాక వంగి ప్యాంటు నడుము చూసింది.

"ప్యాంటు మీరే కుట్టుకున్నారా?"

"మరి ఇంకెవరు కుడతారమ్మా?"

"వెనక కుట్టు పక్కన వేలెడు గుడ్డ కొత్తగా ఉంది. మిగతాదంతా వెలిసిపోయింది. ఈమధ్యే వదులు చేశారు. మొహం చిక్కితే నడుమెందుకు పెరిగింది?"

మామయ్య నా వైపు చూశాడు. నేను పైకప్పు వైపు చూశాను.

"పొట్ట మీద చెయ్యి వెయ్యొచ్చా?" అందా పిల్ల.

ఆ రోజు కింది గుండీ మామయ్య బొటనవేలికే లొంగలేదు. రెండు చేతులతో లాగి విప్పాడు.

"ఆపరేషన్ వద్దమ్మా. మత్తులో ఉన్నవాణ్ణి ఎవరడుగుతారు?"

"మత్తిచ్చే ముందు నేనడుగుతాను. గుండీలు మీరే విప్పండి. తర్వాత నేనక్కడే నిలబడతా."

నెల తిరక్కుండా ఆపరేషన్ అయింది. అడిగిందట. విప్పాడట. అయిపోయేదాకా నిలబడిందట.

నిన్న వార్డులో కలిసినప్పుడు, ఆ పిల్లకి ఎన్ని మార్కులేస్తావు మామయ్యా అన్నాను.

"తొంభై తొమ్మిది."

"అదేం పిసినారితనం? ఒకటెందుకు కోశావు?"

"పాదాలు చూడలేదు రా. వాచిపోయి నా చెప్పులు పట్టక, ఆ రోజు నీవి వేసుకెళ్ళాను. ఆవిడకి పోయింది ఒక్క మార్కే. ఇంట్లో ఉండి, స్టూలెక్కి కూర్చుని, లోకమంతా గుడ్డిదనుకునే నీకు సున్నా. ఇంటికెళ్ళగానే ముందు ఆ కుక్కకి క్షమాపణ చెప్పు."