మా తరగతి బోర్డులో ఆ మాట రాసిందెవరు?

దయ్యాలంటే నాకు చిన్నప్పటి నుంచీ ఒళ్లు మంట. భయం కాదు, మంటే. మాది మెతడిస్టు క్రైస్తవ సంఘంలో పెరిగిన కుటుంబం. ఎవరైనా గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తే మా అవ్వ ముఖం మీదే తిట్టేది. నేనూ అలాగే తయారయ్యాను. ఇది చదివి నవ్వుకునేవాళ్ల మీద నాకేం కోపం లేదు, మొన్నటిదాకా నేనూ నవ్వినదాన్నే.

మెట్‌పల్లి దగ్గర ఒక సర్కారు బడిలో తొమ్మిదో తరగతికి తెలుగు చెబుతాను. తరగతి గోడకు పెద్ద డిజిటల్ ప్యానెల్ బిగించారు. మా హెడ్మాస్టరుకు అది పాఠానికి కాదు, ఫోటోకి కావాలి. "పిల్లలతోటి ఆన్‌లైన్ల ఏదన్న చేపియ్యిన్రి మేడం, పై సార్లకు ఫోటోలు పంపాలె" అని ప్రాణం తీస్తే, ఆన్‌లైన్ బోర్డు ఒకటి తెరిచాను. లింకు పంపితే చాలు, గోడకు చీటీ అతికించినట్టు ఎవరైనా ఫోను నుంచి నాలుగు మాటలు రాయొచ్చు. దాని కింద ఇంకొకరు జవాబు రాయొచ్చు. అంతా ప్యానెల్ మీద కనిపిస్తుంది. పిల్లలు రాసేది ఇంట్లో తల్లుల ఫోన్ల నుంచి కాబట్టి పేర్లు పడకుండా పెట్టాను.

"మా ఇంట్లో ఒకరి గురించి రాయండి" అన్నాను. మర్నాటికి బోర్డు నిండింది. బాగా రాశారు కూడా. కానీ కొన్నింటి కింద ఒకటే మాట ఉంది. అబద్ధం.

"మా అన్న మందు ముట్టడు." కింద, అబద్ధం. "మా నాయినమ్మకు అందరికన్న నేనే ఇష్టం." అబద్ధం. పిల్లలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. తర్వాత ఒక్కొక్కటే ఆరా తీస్తే, ఆ మాట పడినవన్నీ నిజంగానే అబద్ధాలని తేలింది. నిజం రాసినవాళ్ల జోలికి అది పోలేదు.

గల్ఫ్‌లో కూర్చున్న ఏ మేనమామ పనో అనుకున్నాను. మా దగ్గర ఇంటికి ఏ లింకు వచ్చినా సాయంత్రానికి దుబాయ్, మస్కట్ చేరుతుంది. బిడ్డ రాసింది బాపు చూడాలని తల్లులు కుటుంబం గ్రూపులో పెట్టేస్తారు. అది ముందే ఆలోచించాల్సింది.

లావణ్య అనే అమ్మాయి "మా బాపు దుబాయ్‌ల ఉన్నడు" అని రాసింది. దాని కిందా అదే మాట. ఆ పిల్ల ఏడవలేదు, ప్యానెల్ వైపే చూస్తూ కూర్చుంది. తండ్రి ఫోను చేసి నెలలు దాటాయట. ఎడారిలో సిగ్నల్ ఉండదని తల్లి రాజవ్వ సర్దిచెబుతోందట. మర్నాడు ఆ రాజవ్వే బడికొచ్చి అందరి ముందు నన్ను కడిగేసింది.

"సదువు చెప్తరని తోలిస్తే నా బిడ్డ పానం తీస్తున్రా మేడం? రాత్రి నుంచి బుక్క బువ్వ ముట్టలే. బాపు సచ్చిపోయిండా అని అడుగుతుంది. నేనేం చెప్పాలె?"

 ఆ రాసినవాడు దొరికితే చెంపలు వాయించాలన్నంత కోపం వచ్చింది.

కొత్త బోర్డు తెరిచాను. లింకు ఎవరికీ ఇవ్వలేదు. నా ఫోను కూడా హెడ్మాస్టరు చేతికిచ్చి, ఆయన్ని తరగతిలోనే నిలబెట్టి, పిల్లల్ని ఒక్కొక్కరినీ పిలిచి ప్యానెల్ మీదే రాయించాను. కొన్నింటి కింద అందరి కళ్లముందే వచ్చింది. అబద్ధం. హెడ్మాస్టరు ఫోటో తీయడం మరిచిపోయాడు. నాకు ఒళ్లు మండి, "నాకు ఈ బడి అంటే ఇష్టం" అని నేనే రాశాను. అబద్ధం. పిల్లలంతా నా వైపు తిరిగారు. అంత సిగ్గు నేనెన్నడూ పడలేదు.

అప్పుడు లావణ్య లేచింది. కూర్చోమన్నాను, వినలేదు. "మా బాపు బతికే ఉన్నడు" అని రాసి, అక్కడే నిలబడింది. బెల్లు కొట్టినా ఎవరూ కదల్లేదు. కింద ఏమీ రాలేదు. ఎంతసేపు చూసినా రాలేదు. అప్పుడు ఏడ్చింది ఆ పిల్ల, వెక్కి వెక్కి.

ఆ ధైర్యంతోనే రాజవ్వ తన తమ్ముణ్ణి ముంబై పంపింది. ఆమె భర్త విమానం ఎక్కాల్సింది అక్కడే. వెతగ్గా వెతగ్గా ముంబై పక్కనే భివండీలో, మరమగ్గాల మీద పనిచేస్తూ దొరికాడు. ఏజెంటు మోసం చేస్తే అసలు విమానమే ఎక్కలేదు. ఊళ్లో ముఖం చూపించలేక దుబాయ్‌లో ఉన్నట్టు అక్కడి నుంచే ఫోన్లు చేసి, చివరికి అవీ మానేశాడు. బావమరిది ఇంటికి తీసుకొచ్చాడు. వాళ్లింట్లో పండగే.

ఇక ఆ దరిద్రం వద్దనుకుని, ఒక మధ్యాహ్నం స్టాఫ్‌రూంలో బోర్డు తీసేద్దామని తెరిచాను. లావణ్య రాసిన వాక్యం అలాగే ఉంది. దాని కింద ఇప్పుడు ఆ మాట ఉంది.

వెంటనే రాజవ్వకు ఫోను చేసి, మీ ఆయన ఎలా ఉన్నాడని అడిగాను.

"ఇగో, నా ముంగటనే కూసోని తింటుండు మేడం. మాట్లాడుతరా?"

వద్దన్నాను. బోర్డు చెరిపేశాను.

అది ఒక్కసారీ జరగబోయేది చెప్పలేదు. ఉన్నదాని గురించే చెప్పింది, ఒక్కసారీ తప్పు చెప్పలేదు. మరి ఆ ఇంట్లో కూర్చుని అన్నం తింటున్నదెవరు? కంప్యూటర్లు తెలిసినవాళ్లు సాఫ్ట్‌వేర్ లోపం అంటున్నారు. అలాగే అనుకుందామని చూస్తున్నాను. వాళ్ల వాకిలి మీదుగా వెళ్లడం మాత్రం మానేశాను.

మొన్న బడి గేటు దగ్గర లావణ్య పరుగెత్తుకుంటూ వచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"మేడం, మా బాపు ఇగ మమ్ముల ఇడిశిపెట్టి ఏడికీ పోడంట!"

మంచిదే బిడ్డా అన్నాను.