వడియాలకు కాపలా కాసిన తీతువు

నా చిన్నప్పుడు అని నేను ఏదైనా మొదలుపెడితే మా ఇంట్లో నవ్వుతారు. నాకింకా ముప్పై నిండలేదు. అయినా, జుట్టు పల్చబడ్డవాడికి జ్ఞాపకాలు రాసుకునే హక్కు వయసుతో పనిలేకుండా వస్తుందని నా నమ్మకం. పైగా ఇది నా ఘనకార్యం కాదు, మా నానమ్మది. నేను అందులో దెబ్బలు తిన్నవాణ్ణి.

అప్పుడు మేము రాయ్‌పూర్‌లో డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో ఉండేవాళ్లం. మా తాతయ్య రైలు వ్యాగన్ల రిపేరు వర్క్‌షాపులో పని దొరికి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చాడు. తాతయ్య పోయాక నాన్న అదే వర్క్‌షాపులో చేరాడు. ఇంట్లో మాత్రం పెత్తనం నానమ్మదే. మా క్వార్టర్‌కు చదునైన డాబా ఉండేది. దాన్ని డాబా అని మాలో ఎవరూ అనేవాళ్లం కాదు, ఊరంతా అన్నట్టే ఛత్ అనేవాళ్లం. ఎక్కడానికి పక్కన సిమెంటు మెట్లు. అంచున పిట్టగోడ లేదు, నాలుగు వేళ్ల ఎత్తు గట్టు మాత్రం ఉండేది. ఎప్పటి రిపేరు నాటిదో, ఒక మూల కంకర కుప్ప మిగిలిపోయి ఉండేది.

ఏటా ఎండాకాలం మా ఛత్ నానమ్మ వడియాలకు రాసిచ్చినట్టే. తాతయ్య పాత పంచె పరిచి, మినపవడియాలు, గుమ్మడి వడియాలు, సగ్గుబియ్యం వడియాలు వరసగా పెట్టేది. కాకులు రాకుండా కాపలా నా ఉద్యోగం. ఆయుధం ఒక కర్ర. జీతం సగం ఎండిన వడియాలు. నిజం చెప్పాలంటే కాకుల కంటే నేనే ఎక్కువ తినేవాణ్ణి, కానీ కాకులు తిన్నాయని లెక్క సరిపెట్టేవాణ్ణి.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, ఏప్రిల్ చివర్లో, వడియాలకు ముందు ఛత్ ఊడ్చిరమ్మని నానమ్మ పంపింది. రెండు చీపురు దెబ్బలు వేశానో లేదో, ఆకాశంలోంచి ఏదో అరుచుకుంటూ వచ్చి నా మాడు మీద రెక్కతో కొట్టింది. పొడుగాటి పసుపు కాళ్లు, నల్లటి రొమ్ము, కళ్ల ముందు ఎర్రటి తోలు. చీపురు అక్కడే వదిలేసి దిగాను. మెట్లు దిగేలోపు ఆ పిట్ట నా నోట గద్దంత అయింది. వాకిట్లోకి వచ్చేసరికి రాబందు.

పక్కింటి అక్క ఆస్పత్రిలో నర్సు. వాళ్లది కృష్ణా జిల్లా వైపు. నా అరుపులకు బయటికొచ్చి, నా తల అటూ ఇటూ తిప్పి చూసింది.

"గీతైనా పడలేదురా. దీనికి కట్టు కడితే కట్టుకే సిగ్గేస్తుంది."

అసలు గొడవ నేను పిట్టను వర్ణించాక మొదలైంది. నానమ్మ ముఖం మాడిపోయింది. అది తీతువు. వాళ్ల ఊళ్లో తీతువు ఇంటి మీద కూస్తే ఆ ఇంట్లో ఏదో చెడు జరుగుతుందని చెప్పుకుంటారట. మా ఇంటి మీద అది కూయడమే కాదు, కంకరలో నాలుగు గుడ్లు పెట్టి కాపురమే పెట్టింది. నానమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూలబడుతుండగా, వెనక క్వార్టర్ చాచీ గోడ మీదుగా చప్పట్లు కొట్టింది. "అరే అమ్మా, టిటహరీ! ఛత్ పర్ అండా దియా? అబ్ దేఖనా, పానీ ఖూబ్ గిరేగా!" ఈ పిట్ట ఎంత ఎత్తున గుడ్లు పెడితే ఆ ఏడు అంత వాన పడుతుందని ఇక్కడివాళ్ల లెక్క. పిట్ట ఒక్కటే. గోడకు ఇటు పక్క అపశకునం, అటు పక్క శుభవార్త.

నానమ్మ చాచీ వైపు ఒకసారి, ఛత్ వైపు ఒకసారి చూసింది. తర్వాత కొంగు తీసి బొడ్లో దోపుకుంది.

"ఇక్కడి పిట్టకి మనూరి సంగతులేటి తెలుస్తాయి? దానికి తెలుగొచ్చేటి? వానలొస్తాయంది కదా, బేగి వడియాలు పెట్టీయాల."

అంతే. తరతరాల భయం ఒక్క వాక్యంలో బదిలీ అయిపోయింది.

కానీ ఛత్ మీదకు వెళ్లడమెలా? నేను నెత్తిన అల్యూమినియం తపేలా బోర్లించుకుని వెళ్లాను. పిట్ట తపేలాను తన్నింది. ఆ మోత లోపల ఎలా ఉంటుందో తెలుసుకున్న వాళ్లు లోకంలో తక్కువమంది ఉంటారు. నాన్న టీవీ యాంటెన్నా సరిచేయడానికి వెళ్లి, నెత్తి తడుముకుంటూ దిగివచ్చాడు. ఆ నెలంతా మా టీవీలో మంచు కురిసింది.

నానమ్మ పద్ధతి వేరు. రోజూ పొద్దున ఒకే వేళకు, ఒకే వెలిసిన ఆకుపచ్చ నేతచీరలో మెట్లెక్కేది. ముందురోజు సాయంత్రమే ఉతికి ఆరేసుకునేది కానీ చీర మార్చేది కాదు. పైకెళ్లి, గూడుకు ఎంత దూరంలో వీలైతే అంత దూరంలో పీట వేసుకుని, పిట్ట వైపు వీపు పెట్టి కూర్చునేది. దాని వంక ఒక్కసారి కూడా చూసేది కాదు. మొదటిరోజు అది నెత్తి మీద తిరిగి గోలగోల చేసింది. నానమ్మ బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ కూర్చుంది. మర్నాడు పీట ఒక మూర దగ్గరకు జరిగింది. ఆ మర్నాడు ఇంకో మూర. వారం తిరిగేసరికి పిట్టకు అరవడం విసుగొచ్చినట్టుంది. నానమ్మకు విసుగన్నది లేదు.

అప్పుడు పంచె పరిచింది, గూటికి నాలుగడుగుల దూరంలో. నాకు మతిపోయింది. ఛత్ అంతా ఖాళీగా ఉండగా ఆ రాక్షసి పక్కనే ఎందుకు? మధ్యాహ్నం కాకులు వచ్చాక అర్థమైంది. మొదటి కాకి పంచె అంచు మీద వాలనైనా లేదు, గూట్లోని తల్లిపిట్టా, దాని జత మగపిట్టా చెరో పక్క నుంచి దాన్ని తరుముకుంటూ కాలనీ దాటించాయి. తీతువుకు పురుగులు కావాలి తప్ప వడియాలు అక్కర్లేదు. దాని భయమంతా గుడ్ల కోసం. ఆ భయం పరిధిలోకి నానమ్మ తన వడియాలను జరిపింది. ఏళ్ల తరబడి నేను కర్రతో చేయలేని పనిని ఆ జంట తిండి అడగకుండా చేసిపెట్టింది. నా ఉద్యోగం పోయింది. ఆ ఏడు వడియాలు రెట్టింపు మిగిలాయని నానమ్మ అన్నప్పుడు నేను ఆకాశం వైపు చూశాను.

మే నెల ఎండలో ఛత్ పెనంలా కాలేది. తల్లిపిట్ట ఎక్కడికో ఎగిరిపోయి, కడుపు కింది ఈకలు తడుపుకుని వచ్చి గుడ్ల మీద కూర్చునేది. అది గమనించి నానమ్మ ఒక పాత బేసిన్‌లో నీళ్లు పోసి పెట్టింది. పిట్ట అందులో కూర్చుని, లేచి, నీళ్లోడుతూ గూటికి నడిచివెళ్లేది. వాళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకునేవారు కాదు. నేను దీన్ని స్నేహం అనుకున్నాను. వర్షాలకు ముందే ఒక పిట్ట మా ఇంటి మనిషైపోయిందని బళ్లో చెప్పడానికి కథ కూడా సిద్ధం చేసుకున్నాను.

మే చివర్లో ఒక పొద్దున గుడ్లు పిల్లలయ్యాయి. అగ్గిపుల్లల్లాంటి కాళ్ల మీద నాలుగు దూదిముద్దలు. నానమ్మ ఎప్పటిలా అదే చీరలో, నీళ్ల చెంబుతో పైకి వెళ్లింది. తీతువు ఆమె నుదుటి మీద తన్నింది. గోరు గీసుకుని రక్తం వచ్చింది. నెల రోజుల పరిచయం ఒక్క పూటలో రద్దయింది.

నేను అగ్గిమీద గుగ్గిలమయ్యాను. నీళ్లు పోసిన మనిషిని తంతుందా? విశ్వాసం లేని పిట్ట! నానమ్మ నుదురు తుడుచుకుంటూ నన్నే విసుక్కుంది.

"నిన్నటిదాకా గుడ్లురా. ఇయాల పిల్లలు. ఇయాల దానికి నేనొకటే, కాకొకటే. అలగే ఉండాల మరి."

పిల్లలు పుట్టిన రోజే నడుస్తాయి. తిండి మాత్రం వాటంతట అవే ఏరుకోవాలి, ఆ కాలే సిమెంటు మీద ఏరుకోవడానికి ఏమీ లేదు. దిగాలి. తల్లిపిట్ట అప్పటికే కింద గడ్డిలో నిలబడి పిలుస్తోంది. గోడకూ గడ్డికీ మధ్య నోరు తెరుచుకున్న మురుగు నాలీ. ఎండ ముదిరేలోపు అవి దూకకపోతే పైన మాడిపోతాయి, దూకితే నాలీలో పడతాయి.

నేను బాల్టీలో దింపుకొస్తానని ప్రకటించాను. ఛాతీ కూడా విరిచినట్టు గుర్తు. చెయ్యి పడితే బెదిరి తలోదిక్కుకు పరిగెడతాయి, కుక్కలున్న రోడ్డు వైపు పడతాయి అంది నానమ్మ. నాలీ మీద మడతమంచం వాల్చింది. దాని మీద పరుపు, పరుపు మీద ఇంట్లో ఉన్న బొంతలన్నీ వేసింది. డ్యూటీకి బయల్దేరిన పక్కింటి అక్క తెల్ల యూనిఫాంలోనే వచ్చి సాయం పట్టింది. వాళ్లు సర్దుతున్నంతసేపూ తీతువులు రెండూ వాళ్ల నెత్తుల మీద దండయాత్ర చేశాయి. "మామ్మగారూ, తలకు తువ్వాలైనా చుట్టుకోండి," అని అక్క అరుస్తోంది. నానమ్మకు రెండు చేతులూ ఖాళీ లేవు.

మూడు పిల్లలు దూకాయి. నిజానికి దూకలేదు, గట్టు దాటి గాల్లోకి నడుచుకుంటూ వెళ్లిపోయాయి. బొంతలో పడి, లేచి, ఏమీ జరగనట్టు తల్లి వైపు పరిగెత్తాయి.

నాలుగోది దూకలేదు. ఇంకో అంచుకు పరిగెత్తి, గట్టు నీడలో నేలకు అతుక్కుపోయింది. కింద తల్లి పిలుస్తోంది. మూడు పిల్లలతో గడ్డిలోకి పోవాలి, నాలుగోదాన్ని వదల్లేదు. ఎండ ఎక్కుతోంది. నానమ్మా అక్కా ఒక బొంత తీసి చెరో రెండు చెంగులు పట్టుకుని, పిల్ల ఎటు కదిలితే అటు జరగడానికి గోడ కింద నిలబడ్డారు. మిగిలింది నేను.

"నువ్వెల్లు. ముట్టుకోకు. దానెనకాల కూకుని, మెల్లగా ముందుకి జరుగు."

"భయపెట్టాలా?"

"నువ్వేటీ సెయ్యక్కర్లేదు. నిన్ను సూస్తే సాలు."

హీరో వేషం అడిగితే విలన్ వేషం వచ్చింది. తపేలా కూడా వద్దంది, తళుక్కుమంటే పిల్ల బెదురుతుందని. మోకాళ్ల మీద పాకుతూ వెళ్లాను. తండ్రిపిట్ట నన్ను వదల్లేదు. మొదటి దెబ్బ మాడు మీద, రెండోది మెడ మీద, మూడోదానికి చెవి తెగింది. నేనొక జానెడు జరిగితే పిల్ల ఒక జానెడు పరిగెత్తి మళ్లీ అతుక్కుపోతోంది. దాని ఒళ్లంతా గుండెలా కొట్టుకోవడం కనిపిస్తోంది. దాన్ని అంతగా భయపెడుతున్నది నేను. ఆపేసి దిగిపోదామనిపించింది. నేను అరిస్తే పిల్ల అటూ ఇటూ పోతుందని, జీవితంలో మొదటిసారి నోరు మూసుకుని దెబ్బలు తిన్నాను. ఇంకో జానెడు జరిగాను. పిల్ల గట్టెక్కింది. నన్నొకసారి చూసింది, ఇంతకంటే ఘోరమైనది కింద ఉండదని నిశ్చయించుకున్నట్టు, వెళ్లిపోయింది.

"పడింది!" అంది అక్క.

నేను అంచుకు వచ్చి చూసేసరికి అది బొంత మీద నుంచి దిగి గడ్డిలో కలిసిపోయింది. నాలుగు పిల్లలూ, తల్లీ. తండ్రిపిట్ట వెళ్తూ వెళ్తూ ఒక చుట్టు తిరిగి వచ్చి నన్ను మళ్లీ తన్నిపోయింది. వీడ్కోలు అని రాస్తే బాగుండేది. కాదు, శుద్ధమైన కసి.

దిగివచ్చి ఏడ్చాను. చెవి నొప్పికి కాదు. కాపాడింది నేనని దానికి తెలియలేదు కదా అని. నానమ్మ బొంత దులుపుతూ, "తెలవాలేటి? దిగిందా లేదా?" అంది.

అక్క నా చెవికి టింక్చర్ పెట్టింది. భగ్గున మండింది. చెయ్యి విదిలించి అక్కను నోటికొచ్చినట్టు తిట్టాను. రాక్షసి అన్నాను. ఒక గుద్దు కూడా గుద్దాను. అక్క కోప్పడలేదు, నానమ్మ వైపు చూసింది. ఇద్దరూ ఒకేసారి పగలబడి నవ్వారు. అందులో నవ్వేదేముందో ఆ సాయంత్రం అన్నంలో వడియం నంజుకుంటుండగా హఠాత్తుగా తెలిసింది. పొద్దున ఛత్ మీద విలన్ వేషం నాది, కింద అక్కది.

ఇప్పుడు నేను ఈ ఊళ్లోనే ఒక ఆస్పత్రిలో చిన్నపిల్లలకు టీకాలు వేస్తాను. నన్ను చూడగానే కొందరు గుమ్మంలోనే రాగం ఎత్తుకుంటారు. నేను వాళ్లను నవ్వించడానికి కోతివేషాలు వేస్తానని మా సిబ్బంది అనుకుంటారు. సూది కనిపించేదాకే వేస్తాను, తర్వాత ఎవరూ నమ్మరు. సూది పడ్డాక తల్లులు పిల్లల్ని భుజాన వేసుకుని, "అంకుల్ గందా హై! మారో అంకుల్ కో!" అని, చెడ్డ అంకుల్‌ని కొట్టమని ఊరడిస్తారు. పిల్లలు ఏడుస్తూనే చెయ్యి చాస్తారు. నేను పని ఆపి కొంచెం ముందుకు వంగుతాను. చిన్న చేతులు కదా, వంగకపోతే అందదు.