ఎర్రగా లేచిన పేరు

నా చిన్నప్పుడు మా ఊరి బడికి ఒక ఏడాదిలో సగం రోజులు తాళమే ఉంది. ప్రత్యేక తెలంగాణ కావాలని ఊళ్లన్నీ మొదటిసారి లేచిన అరవై తొమ్మిదో సంవత్సరం అది. జనగామ వైపు రైళ్లు ఆపుతున్నారనీ, కాలేజీ పిల్లలను జైళ్లలో పెడుతున్నారనీ బస్సు దిగినవాళ్లు చెప్పేవాళ్లు. మాది దంతాలపల్లికీ నర్సింహులపేటకూ మధ్యన ఉన్న చిన్న ఊరు. పెద్దవాళ్ల మాటలు విని మేము కూడా బడి గోడ మీద బొగ్గుతో నినాదాలు రాసి, ఎవరైనా చూస్తారేమోనని ఇళ్లకు పరుగెత్తేవాళ్లం. ఉద్యమం గురించి మాకెంత అర్థమైందో చెప్పలేను గానీ, బడి లేదన్న సంగతి మాత్రం చక్కగా అర్థమైంది.

నాట్లు పడుతున్న రోజుల్లో మళ్లీ బడి తెరిచారు. తెరిస్తే ఏం లాభం? పిల్లలంతా అప్పటికే పనుల్లో కుదిరిపోయారు. గొడ్ల వెంట పోయేవాళ్లు గొడ్ల వెంట, నాటేసేవాళ్లు బురదలో. మా బాపు అయితే నాలుగు అక్షరాలు వచ్చినయ్ గద, ఆడపిల్లకు ఇంకేం కావాలె అని రోజుకొకసారి అనేవాడు. ఈసారి బడి మూతపడితే నా చేతికి నారుకట్టే వస్తుందని నాకు తెలుసు. ఆ భయంతో వాన పడినా మానకుండా పోయేదాన్ని.

మా సారు ఒక్కడే. కోస్తా జిల్లా నుంచి వచ్చిన చిన్న వయసువాడు. ఆ గొడవల్లో పై ఊళ్ల నుంచి వచ్చిన ఉద్యోగులు చాలామంది సెలవు పెట్టి వెళ్లిపోయినా ఆయన వెళ్లలేదు. బడి పక్క గదిలోనే వండుకుని తినేవాడు. ఆయన మాట మాకు వింతగా ఉండేది, వెనక నుంచి వెక్కిరించేవాళ్లం కూడా. మా మాటను మాత్రం ఆయన ఏనాడూ వెక్కిరించలేదు. ఈ సంగతి నాకు పెద్దయ్యాక గాని తట్టలేదు.

ఒక సాయంత్రం సారు నన్ను పిలిచి, ఇంట్లో కొట్టిన పసుపు కొంచెం తెమ్మన్నాడు. తెచ్చాను. దాన్ని నీళ్లలో కలిపి తెల్లకాగితాలకు పూయమన్నాడు. పూసి నీడన ఆరబెట్టాను. ఎందుకో చెప్పలేదు. పసుపు సంగతి ఎవరితోనూ అనొద్దని మాత్రం చేతిలో చెయ్యి వేయించుకున్నాడు. చేతిలో చెయ్యి వేస్తే మా ఊళ్లో ఒట్టే. ఒట్టు తప్పితే కళ్లు పోతాయని మా పిల్లలందరికీ ఎక్కాల కంటే బాగా తెలుసు.

మర్నాడు బడికి వచ్చింది పదిమందే. సారు చెంబుతో తేటనీళ్లు పెట్టుకుని, పసుప్పచ్చని కాగితం ఒకటి బల్ల మీద పరిచి, ఎవరి పేరు రాయాలని అడిగాడు. నా పక్కన కూర్చున్న తండా పిల్ల చెయ్యెత్తింది. వాళ్ల తండా నుంచి బడికి వచ్చిన మొదటి ఆడపిల్ల. ఇంట్లో వాళ్ల లంబాడీ మాట, బళ్లో మా తెలుగు, పుస్తకంలో ఇంకో తెలుగు. మూడూ మోస్తూ నాకంటే చురుగ్గా చదివేది. సారు చీపురుపుల్లను ఆ నీళ్లలో ముంచి రాస్తుంటే, తడి తగిలిన చోటల్లా అక్షరం ఎర్రగా లేచింది. కళ్ల ముందే దాని పేరంతా నెత్తురు రంగులో నిలిచింది. మా కేకలకు చూరు కింది పిచ్చుకలు లేచిపోయాయి. ఇదెలా జరిగిందో రేపు చెబుతాను, రేపు రానివాళ్లకు మాత్రం చెప్పను అన్నాడు సారు. పాపం, ఆయన వేసిన ఎర అంతే. ఆ ఒక్క రోజు ఆగడమే ఆయన చేసిన పొరపాటు.

ఆ సాయంత్రం నా జతగత్తె వానలో తడుస్తూ తండాకు పోయింది. తెల్లారేసరికి దానికి ఒళ్లు కాలిపోయే జ్వరం. జ్వరంలో పేరు, ఎరుపు, సారు అని ఏదో పలవరించిందట. ఆ మాట తండా దాటి మా ఊరికి వచ్చేసరికి సారు పిల్ల పేరు నెత్తురుతో రాశాడయింది. మా వీధికి వచ్చేసరికి పిల్ల వేలు కోసి ఆ నెత్తురు తీశాడయింది. ఇంకో వీధి దాటేసరికి దానికి బాణామతి అని పేరు కూడా పెట్టేశారు. మా వైపు చేతబడిని బాణామతి అంటారు. ఆ మాట ఒకసారి పుట్టిందంటే ఇక మనుషులు చెవులు మూసుకున్నట్టే.

నేను బాపు వెంట పోయేసరికి బడి ముందు ఊరు ఊరంతా ఉంది. సారు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. చేసి చూపిస్తాను, ఒక్క నిమిషం అంటూ ఆయన చెంబు వైపు కదిలితే ఎవరో దాన్ని కాలితో తన్నారు. ఆ తర్వాత ఆయన నోరు తెరిస్తే చాలు, మంత్రం జదువుతుండు అని అరిచారు. అసలే ఆంధ్రోడు అని ఇంకొకరు అందుకున్నారు. ఆయన నోరు మూసుకున్నాడు. సాయంత్రంలోగా పెట్టె సర్దుకొని పోవాలె, బడికి తాళం పడాలె అని పటేలు తీర్పు చెప్పేశాడు. నా వేళ్లకు ఇంకా పసుపు మరక ఉంది. చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

అప్పుడే తండా పిల్ల వాళ్ల నాయిన దాన్ని గొంగట్లో చుట్టి బండిలో తీసుకొచ్చాడు. ఆయనకు మా గొడవతో పని లేదు. దంతాలపల్లి చేరి బస్సు పట్టుకుని బిడ్డను మానుకోట దవాఖానకు తీసుకుపోవాలి, అంతే. మా ఊరివాళ్లు పోనిస్తేనా! పట్టిన గాలి దిగకుండ తీస్కపోతే తొవ్వలనే పాణం పోతదని ఎడ్ల పగ్గాలు పట్టుకున్నారు. ముందు ఎర్రనీళ్లు దిగదుడవాలన్నారు. ఆయన చేతులు జోడిస్తున్నాడు, మధ్య మధ్య వంగి బిడ్డతో వాళ్ల మాటలో ఏదో చెబుతున్నాడు. అది కళ్లు తెరవడం లేదు.

దిష్టి తీయాలంటే మా వెనకింటి అవ్వే రావాలి. పిల్ల పాలు తాగకపోయినా, బర్రె పాలివ్వకపోయినా, పొలిమేరలో ఎవరైనా దడుచుకున్నా అవ్వ పళ్లెంలో ఎర్రనీళ్లు తీసుకుని వచ్చేది. పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రం అని మా బాపు చాటున నవ్వేవాడు గానీ, మా ఇంట్లో ఎవరికి తలనొప్పి వచ్చినా మొదట పరుగెత్తేది ఆయనే. ఊళ్లో అవ్వకు ఉన్న మర్యాదంతా ఆ పళ్లెంతోనే.

అవ్వ వచ్చి బండి చక్రం పక్కన కూర్చుని, ఎప్పటిలాగే నన్ను పసుపు తెమ్మంది. పరుగెత్తి తెచ్చాను. సున్నం ఆమె బొడ్లో ఆకువక్కల సంచిలోనే ఉంటుంది. పళ్లెంలో నీళ్లు పోసి పసుపు కలిపింది. నీళ్లు పచ్చగా ఉన్నాయి. వేలితో సున్నం తీసి అందులో కలిపింది. నీళ్లు నెత్తురులా మారాయి.

ఎన్నిసార్లు చూశానో దాన్ని! మా ఇళ్లల్లో ఆడవాళ్లంతా చేసేదే, పెళ్లికూతురు గడపలో అడుగు పెట్టినా తీసేదే. అయినా అప్పటిదాకా నాకు తట్టలేదు, ఆ గుంపులో ఒక్కరికీ తట్టలేదు. నా కాగితం మీద ఉన్నది పసుపు. సారు చెంబులో ఉన్నది సున్నపుతేట. చెబుదామంటే ఒట్టు. చెప్పకపోతే సారు పోతాడు, బడి పోతుంది, బండి కదలదు. నేను కళ్లు పోతాయన్న భయంతో నిలబడ్డాను. అవ్వ పళ్లెం ఎత్తబోతూ నా మొహం చూసింది.

"ఏందే, గట్ల జూస్తున్నవ్?"

"ఒట్టేసిన అవ్వా, చెప్పరాదు."

"ఒట్టు తీసి గట్టు మీద పెట్టు. ఏందో చెప్పు."

చెవిలో చెప్పాను. పసుపు నేనే పూశానని వేళ్లు చూపించాను. అవ్వ పళ్లెంలోకి చూసింది, బండిలో పిల్లను చూసింది, గోడకు ఆనుకున్న సారును చూసింది. ఆ కాసేపట్లో ఆమె మనసులో ఏం తిరిగిందో నాకు తెలియదు. నా మాట విననట్టే దిగదుడిచి లేచిపోయినా ఎవరూ అడిగేవాళ్లు కాదు. కానీ అవ్వ పళ్లెం కింద పెట్టి, బళ్లో ఉన్న ఆ పచ్చకాగితం తెమ్మంది. ముట్టుకోవడానికి ఒక్క మగవాడు కదల్లేదు. నేనే పోయి తెచ్చాను.

అవ్వకు రాయడం రాదు. బొటనవేలికి తడిసున్నం రాసుకుని, ఆ పిల్ల పేరు కింద గట్టిగా ఒత్తింది. వేలిముద్ర ఎర్రగా లేచింది. గుంపు ఒక అడుగు వెనక్కి వేసింది. అవ్వ కాగితం ఎత్తి అందరికీ చూపించింది.

"ఇగో, నా పేరు గూడ ఎక్కింది. నాకేమైతదో జూడుండ్రి. పసుపు, సున్నం. గింతే. గిది బాణామతైతే యాభై ఏండ్ల సంది నేను జేసేది గూడ బాణామతే. సారును పంపేటోళ్లు నన్ను గూడ ఎల్లగొట్టుండ్రి. ముందుగాల ఆ ఎడ్లను ఇడువుండ్రి, పిల్ల దవాఖానకు పోవాలె."

పగ్గాలు పట్టుకున్న చేతులు ఒక్కొక్కటే వదిలాయి. బండి కదిలింది. పటేలు తల గోక్కుంటూ, నేను మొదటిసందే అనుకున్న అన్నాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. ఇళ్లకు పోయేటప్పుడు అందరూ అసలు తాము రానే లేదన్నట్టు పోయారు. మా బాపు మాత్రం ఆగి, చెంబు తెచ్చి సారు చేతికిచ్చాడు. మర్నాడు నన్ను బడికి పొమ్మని ఆయనే లేపాడు.

నా జతగత్తెకు వచ్చింది చలిజ్వరం. దవాఖాన మందులతో తగ్గి, పది రోజులకు చిక్కిపోయిన మొహంతో బడికి వచ్చింది. రహస్యం అప్పటికే ఊరంతా తెలిసినా, మళ్లీ చేసి చూపించడానికి సారు ఆ పిల్ల కోసమే ఆగాడు. ఆ రోజు బడిలో కూర్చోవడానికి చోటు లేదు. చెంబు దాని ముందే పెట్టి, పుల్ల దాని చేతికే ఇచ్చాడు. అది మా అందరి పేర్లూ రాసింది, చివర సారు పేరు కూడా రాసింది. కిటికీలోంచి తొంగి చూస్తున్న పెద్దవాళ్లు మాకంటే ఎక్కువ నవ్వారు.

అవ్వ దగ్గరికి మాత్రం ఆ తర్వాత చాలా రోజులు ఎవరూ దిష్టికి రాలేదు. ఒంటరిగా అరుగు మీద కూర్చుని ఆకు నమిలేది. నా వల్లనే కదా అనుకుని ఒకరోజు పోయి, చెప్పినందుకు నా మీద కోపమా అవ్వా అని అడిగాను. అవ్వ నన్ను దగ్గరికి లాక్కుని నెత్తి నిమిరింది.

"చెప్పినందుకు కోపమెందుకు బిడ్డా? పిల్ల అట్ల కాలిపోతుంటే గంతసేపు చెప్పకుంటివి జూడు, గందుకే జర కోపం."

అవ్వ పోయి ఎన్నో ఏళ్లయింది. ఆ రోజు నేర్చుకున్నది పసుపూ సున్నమూ అని అందరికీ చెబుతుంటాను గానీ, నిజంగా నాతో వచ్చింది ఆ జర కోపమే. పదిమంది కలిసి ఒక్కరి మీద పడటం చూసినప్పుడు, నాకు తెలిసిన చిన్న మాటేదో నాలుక చివరకు వచ్చి ఆగినప్పుడు, పగ్గాలు పట్టుకున్న చేతులు గుర్తుకొస్తాయి, గొంగట్లో కళ్లు తెరవని నా జతగత్తె గుర్తుకొస్తుంది. ఇప్పటికీ భయమేస్తుంది. ఆ భయంతోనే చెప్పేస్తాను, ఆగను.